కార్పొరేటర్‌గా నిలబడుతున్నారా? మీరెవరో, ఎందుకు నిలబడ్డారో ఒక్క కాగితంలో చెప్పడం ఎలా

విజయవాడలో కార్పొరేషన్ ఎన్నికలు వస్తున్నాయంటే డివిజన్లలో మొదట కనిపించేవి ఫ్లెక్సీలే. చేతులు జోడించిన ఫొటో, పైన వరసగా నాయకుల ముఖాలు, కింద ‘మీ అమూల్యమైన ఓటు వేసి గెలిపించ ప్రార్థన’ అనే మాట. ఆ మనిషి ఏం పని చేస్తాడు, ఎన్నేళ్ల నుంచి ఈ వీధుల్లో ఉంటున్నాడు, మన సైడు కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో అతనికి తెలుసా, కార్పొరేటర్ అయ్యి ఏం చేద్దామనుకుంటున్నాడు, ఇవేవీ అందులో ఉండవు. ఓటరుకి కావలసింది మాత్రం సరిగ్గా అవే. ‘నువ్వెవరు బాబూ, నీకెందుకు వెయ్యాలి’ అని గుమ్మంలో నిలబెట్టి అడిగే పెద్దమ్మకి రెండు నిమిషాల్లో సూటిగా చెప్పగలిగితే, అదే మాటని ఒక కాగితం మీద రాసి ఆమె చేతిలో పెట్టగలిగితే, సగం ప్రచారం అయిపోయినట్టేనని నా గట్టి నమ్మకం.

ఇది మొదటిసారి నిలబడాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. కాలనీ సంక్షేమ సంఘంలోనో, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లోనో, డ్వాక్రా గ్రూపులోనో ఏళ్ల తరబడి పనిచేస్తూ ‘మనమే ఎందుకు నిలబడకూడదు’ అనుకునేవాళ్లు ప్రతి డివిజన్‌లో ఉంటారు. పార్టీ టికెట్ మీదైనా ఇండిపెండెంట్‌గా అయినా ఇదే పద్ధతి పనికొస్తుంది. ఏ పార్టీ అన్నది మీ ఇష్టం, దాని జోలికి నేను పోను.

ముందు చట్టం అడిగే అర్హత

దీన్ని చాలామంది చివరికి వదిలేసి నామినేషన్ రోజు టెన్షన్ పడతారు. వయసు 21 నిండాలి, అది రాజ్యాంగంలోని 243వి అధికరణం చెప్పిన మాట. అసెంబ్లీకి 25 కావాలి గానీ డివిజన్‌కి 21 చాలు, కాబట్టి చదువు అయిపోయిన కుర్రాళ్లు కూడా ఆలోచించవచ్చు. ఈ ఊళ్లోనే 2000లో పంచుమర్తి అనురాధ గారు మేయర్ అయినప్పుడు ఆమె వయసు 26. ఓటు మీ నగరపాలక సంస్థ ఓటర్ల జాబితాలో ఉండాలి, మిమ్మల్ని ప్రతిపాదించే మనిషి ఓటు ఆ డివిజన్‌లోనే ఉండాలి. జాబితా వచ్చిన రోజే మీ పేరు, ఇంటి నంబరు, ప్రతిపాదకుడి పేరు సరిచూసుకోండి, ఎందుకంటే డివిజన్ల హద్దులు మారినప్పుడు ఒకే వీధిలో ఎడమవైపు ఇళ్లు ఒక డివిజన్‌లోకి, కుడివైపు ఇళ్లు ఇంకో డివిజన్‌లోకి పోతుంటాయి.

ఇంటి పన్ను, కుళాయి పన్ను, ఖాళీ స్థలం పన్ను ఏదీ బకాయి లేకుండా కట్టేసి రసీదు దగ్గర పెట్టుకోండి. నోటీసు ఇచ్చాక కూడా కార్పొరేషన్‌కి బాకీ ఉంటే అనర్హత కిందకి రావచ్చు. ఒకవేళ రాకపోయినా, పన్ను కట్టని మనిషి పన్నుల డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో చెప్తానంటే ఎవరు వింటారు? కార్పొరేషన్‌తో కాంట్రాక్టు ఉన్నవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు నిలబడలేరు. ఇద్దరు పిల్లల నిబంధన గురించి ఇప్పటికీ అడుగుతుంటారు, 1990ల నుంచి ఉన్న ఆ నిబంధనని 2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ తీసేసింది, ముగ్గురు పిల్లలున్నా నిలబడవచ్చు. చదువుకి కనీస అర్హత అంటూ ఏదీ లేదు. రిజర్వుడు డివిజన్ అయితే కుల ధ్రువీకరణ పత్రం ముందే తీసి పెట్టుకోవాలి. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల సీట్లలో సగం మహిళలకి, ఏ డివిజన్ ఎవరికన్నది రిజర్వేషన్ల ప్రకటనతోనే తేలుతుంది, అప్పటిదాకా ‘మా డివిజన్ నాదే’ అనుకుని ఖర్చు పెట్టకండి.

నామినేషన్‌తో పాటు మీ మీద కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రకటించాలి. ఓటరుకి ఇవి తెలుసుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2002లో చెప్పాక ఈ పద్ధతి వచ్చింది. దీన్ని ఫారం నింపే పనిలా చూడకండి. ఇందులో రాసేదీ మీ కరపత్రంలో రాసేదీ ఒకే మనిషి గురించి ఉండాలి. ఇక్కడ ‘వ్యాపారం’ అని రాసి అక్కడ ‘సంఘ సేవకుడు’ అని రాస్తే, రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఈ ఊళ్లో తక్కువేమీ లేరు.

కార్పొరేటర్ చేతిలో ఏముందో తెలుసుకోండి

మీరు నిలబడే కారణం రాయబోయే ముందు ఈ పని చెయ్యకపోతే రాసిందంతా గాలిమాట అవుతుంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దానితో వచ్చిన 12వ షెడ్యూల్‌లో పట్టణ సంస్థలకి అప్పగించదగ్గ 18 అంశాలు ఉన్నాయి. మన వీధి లెక్కలో చెప్పుకోవాలంటే తాగునీరు, మురుగు, చెత్త, లోపలి రోడ్లు, వీధి దీపాలు, పార్కులు, శ్మశానాలు, జనన మరణ నమోదు, ఇళ్ల ప్లాన్లు. వీటి విషయంలో కార్పొరేటర్ కౌన్సిల్‌లో ప్రశ్న అడగవచ్చు, ప్రతిపాదన పెట్టించవచ్చు, బడ్జెట్ మీద మాట్లాడవచ్చు, కార్పొరేటర్లలోంచే కొందరిని ఎన్నుకునే స్టాండింగ్ కమిటీకి ఎన్నికైతే టెండర్ల దగ్గర కూడా మాట చెల్లుతుంది. పని చేయించేది కమిషనర్, ఇంజినీర్లు, శానిటేషన్ సిబ్బంది. కార్పొరేటర్ వాళ్లకి జీతం ఇవ్వడు, వాళ్లని బదిలీ చెయ్యలేడు.

పెన్షన్, రేషన్ కార్డు, ఇళ్ల పట్టా, కరెంటు స్తంభం, పోలీస్ స్టేషన్, ఇవి కార్పొరేటర్ చేతిలో లేవు. ఊరి మధ్యలోంచి పోయే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ జలవనరుల శాఖవి. రైల్వే గేటు దగ్గర అండర్‌బ్రిడ్జి కావాలంటే రైల్వే ఒప్పుకోవాలి. ఈ విషయాల్లో కార్పొరేటర్ జనాన్ని వెంటబెట్టుకుని అర్జీ ఇవ్వగలడు, అంతే. ‘చేస్తాను’ అనే మాటకీ ‘అడుగుతాను’ అనే మాటకీ మధ్య తేడా మీ కాగితంలో స్పష్టంగా కనపడాలి. జనానికి ఈ తేడా అర్థం కాదని అనుకోకండి, బాగా అర్థమవుతుంది, నిజం చెప్పినందుకు గౌరవిస్తారు కూడా.

బుడమేరు వాగు సంగతే తీసుకోండి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక వైపు ఇళ్లల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి, మంచం, ఫ్రిజ్, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ తడిసిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వచ్చాయి. బుడమేరు మళ్లింపు కాలువకి గండ్లు పడింది కొండపల్లి వైపు, ఊరి బయట. అజిత్‌సింగ్ నగర్ నుంచి నిలబడే అభ్యర్థి ఎవరైనా ‘ఇక ఈ డివిజన్‌కి వరద రానివ్వను’ అని రాస్తే అది అతని చేతిలో లేని మాట. కానీ అదే మనిషి ఇలా రాయవచ్చు: వానాకాలం మొదలయ్యే లోపు మన వీధుల్లో ఏ కాలువలో పూడిక తీశారో, ఏది వదిలేశారో ఏటా మే నెలలో జాబితా వేసి గోడ మీద అంటిస్తాను. కింద అంతస్తుల్లో ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లు, మంచాన పడ్డవాళ్లు, గర్భిణుల పేర్లు వీధివారీగా రాసి వార్డు సచివాలయంలో ఇస్తాను, నీళ్లు వస్తే ముందు ఎవరి ఇంటికి వెళ్లాలో తెలిసేటట్టు. పడవలు ఎక్కడ ఆగాలో, మందులూ పాలూ ఎక్కడ పంచాలో ముందే స్థలాలు గుర్తించి అధికారులతో ఒప్పిస్తాను. ఈ మూడూ ఒక కార్పొరేటర్ చెయ్యగలిగిన పనులు. ఆ రోజుల్లో నీళ్ల మధ్య కూర్చున్నవాళ్లకి ఈ మూడింటి విలువ విడిగా చెప్పనక్కర్లేదు.

ఊరిలో ఒక్కో వైపు ఒక్కో బాధ. వన్ టౌన్ కొండల మీద ఇళ్లవాళ్లకి మెట్లు, నీళ్లు పైదాకా ఎక్కడం, కొండ చరియలు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండ చరియ విరిగిపడి మనుషులు చనిపోయారు, కాబట్టి కొండ డివిజన్‌లో కొండ జారకుండా కట్టే గోడ (రిటైనింగ్ వాల్) గురించి మాట్లాడకుండా దండం పెట్టి వెళ్లిపోవడం కుదరదు. కృష్ణలంక, రాణిగారితోట వైపు నది. పటమట, లబ్బీపేట వైపు పార్కింగ్, అపార్ట్‌మెంట్ల మురుగు, వాన పడితే బందరు రోడ్డు మీద నిలిచే నీళ్లు. వాననీటి కాలువల కోసం కేంద్రం విజయవాడకి 461 కోట్లు ఇచ్చింది, ఆ పని ఏళ్ల తరబడి సాగింది. మీ డివిజన్‌లో దానిలో ఎన్ని మీటర్లు కట్టారు, ఎక్కడ ఆపేశారు, దేనికి కలపకుండా వదిలేశారు అన్నది తెలుసుకుని చెప్పగలిగిన అభ్యర్థి మిగతావాళ్లకంటే ఒక మెట్టు పైన ఉన్నట్టే.

మీ అర్హత ఎలా రాయాలి

‘నిస్వార్థ ప్రజా సేవకుడు’, ‘యువ నాయకుడు’, ‘పేదల పెన్నిధి’. ఇవన్నీ తీసేయండి, నిర్దాక్షిణ్యంగా తీసేయండి. ఎవరైనా తమ గురించి రాసుకోగలిగిన మాట మీ గురించి ఏమీ చెప్పదు. వాటి బదులు మీరు చేసిన పని రాయండి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో కలిసి, ఏం తేలింది అని. ఆ పని చిన్నదైనా ఫర్వాలేదు. మీ వీధి చివర మ్యాన్‌హోల్ మూత లేక పిల్లాడు పడబోతే మీరు సోమవారం కార్పొరేషన్ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లి అర్జీ ఇచ్చారు, నంబరు తీసుకున్నారు, మూడు వారాలు వెంటపడ్డారు, మూత వేశారు. ఇది అర్హత. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి మీ రోడ్డు అంచనా కాగితాలు తెప్పించి కాలనీ వాళ్లకి చదివి వినిపించారు, ఇదీ అర్హతే. డ్వాక్రా గ్రూపులో లెక్కలు తప్పు పోకుండా రాసిన ఆవిడకి, బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడి పదిమందికి లోను ఇప్పించిన ఆవిడకి, కౌన్సిల్‌లో బడ్జెట్ పుస్తకం ముందు పెడితే చదవగల తెలివి ఉందని నేను నమ్ముతాను. ఆటోనగర్‌లో షెడ్డు నడిపే మనిషికి మోటార్లు, పంపులు తెలుసు, నీళ్లు పైకి ఎందుకు ఎక్కడం లేదో ఇంజినీరుతో సమానంగా మాట్లాడగలడు. మీ బతుకుతెరువు మీకు నేర్పింది ఏదైనా ఉంటే అది డివిజన్‌కి ఎలా పనికొస్తుందో ఒక్క వాక్యంలో కలిపి చెప్పండి.

చేసిన పని ఇంకొకరితో కలిసి చేస్తే వాళ్లనీ చెప్పండి, ‘మా వీధి ఆడవాళ్లం కలిసి’ అని. అంతా నేనే చేశాను అంటే ఆ వీధివాళ్లే నవ్వుకుంటారు, అందరికీ తెలిసిన విషయం కదా. జరగని పని జరిగిందని మాత్రం రాయొద్దు. మొదలుపెట్టి ఆగిపోయిన పని ఉంటే అది కూడా ధైర్యంగా రాయవచ్చు, ఎక్కడ ఆగిందో చెప్పి, కార్పొరేటర్ అయితే అక్కడి నుంచి ఎలా ముందుకు తీసుకెళ్తారో చెప్పండి. నా దృష్టిలో అంతకంటే బలమైన కారణం ఇంకోటి ఉండదు. బయట నుంచి అర్జీలు పెట్టి ఇంతవరకు తెచ్చాం, ఇక్కడి నుంచి కౌన్సిల్ లోపల అడిగే మనిషి కావాలి, అందుకే నిలబడుతున్నాను. ఈ మాట నిజమైతే ఏ నినాదం అక్కర్లేదు.

మహిళా రిజర్వేషన్ వచ్చిన డివిజన్లలో ఒక సంగతి గట్టిగా చెప్పాలి. కరపత్రంలో ఆవిడ ఫొటో చిన్నగా, భర్త ఫొటో పెద్దగా వేయడం, ఆయన చేసిన పనులు రాసి ఆవిడ పేరు కింద పెట్టడం మనందరం చూస్తున్నాం. నిలబడేది మీరైతే అమ్మా, మీ చదువు, మీ పని, మీ మాట రాయండి. ఇంటింటికీ వెళ్లినప్పుడు మాట్లాడేది మీరే కావాలి, వార్డు సచివాలయంలో నీళ్లు, రోడ్లు చూసే అమెనిటీస్ సెక్రటరీతో మాట్లాడేదీ మీరే కావాలి, ప్రచారంలోనే అలవాటు చేసుకోకపోతే గెలిచాక ఇంకా కష్టం. సంతకం మీదైతే నిర్ణయమూ మీదే అని మొదటి రోజే ఇంట్లో తేల్చుకోండి. నీళ్ల బిందె మోసేది, అర్ధరాత్రి కుళాయి వస్తే లేచేది, పిల్లాడికి విరేచనాలైతే ఆసుపత్రికి పరుగెత్తేది ఆడవాళ్లే, తాగునీటి పైపు మురుగు కాలువలోంచి పోతుంటే ఏం జరుగుతుందో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2018లో గుంటూరు ఆనందపేటలో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయిన సంగతి గుంటూరు, విజయవాడ రెండు ఊళ్ల వాళ్లకీ గుర్తుంది. ఆ అనుభవం మీ అర్హతలో మొదటి వరసలో ఉండాలి.

కారణం ఒకటి, పనులు మూడు

కారణం ఒక్కటే రాయండి. పది కారణాలు రాస్తే ఒక్కటీ గుర్తుండదు. దాన్ని వెతకడానికి ఒక పద్ధతి చెప్తాను. నిలబడాలని అనుకునే ముందు డివిజన్ మొత్తం కాలినడకన తిరగండి, బండి మీద వద్దు, బండి మీద వెళ్తే కాలువ వాసన కూడా తెలియదు. తెల్లవారుజామున చెత్త బండి వచ్చే వేళ ఒకసారి, నీళ్లు వదిలే వేళ ఒకసారి, రాత్రి దీపాలు వెలిగాక ఒకసారి, గట్టి వాన పడ్డ వెంటనే ఒకసారి. నోటుబుక్కులో వీధి పేరు రాసి పక్కన చూసింది రాయండి, విన్నది వేరే రంగు సిరాతో రాయండి. అన్ని వీధులూ అయ్యాక ఒకే బాధ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, మీకు కూడా నిద్ర పట్టనివ్వని బాధ అదే అయితే మీ కారణం దొరికింది. మీకు పట్టని విషయం మీద నిలబడకండి, ఎన్ని ఓట్లు వచ్చేలా ఉన్నా సరే, ఐదేళ్లు దాని వెంట పడాల్సింది మీరు.

ఆ కారణం కింద మూడు పనులు రాయండి. ఒకటి మొదటి ఆరు నెలల్లో అయ్యేది, డబ్బు పెద్దగా అక్కర్లేనిది. రెండోది బడ్జెట్‌లో పెట్టించాల్సింది. మూడోది మీ చేతిలో లేనిది, మీరు వెంటపడి అడిగేది. ప్రతి పనికీ వీధి పేరు ఉండాలి. ‘డివిజన్‌ను సుందరంగా తీర్చిదిద్దుతా’ అంటే రేపు మిమ్మల్ని ఎవరూ నిలదీయలేరు, అందుకే అది ఎందుకూ పనికిరాని మాట. ‘ఫలానా స్కూలు వెనక సందులో 4 వీధి దీపాలు’ అంటే నిలదీయవచ్చు, నిలదీయనివ్వండి.

కొండ డివిజన్‌లో నిలబడే ఒక డ్వాక్రా లీడర్ కాగితం ఎలా ఉండొచ్చో ఉదాహరణకి రాస్తున్నాను, మనిషి నా ఊహే, పద్ధతి చూడండి:

‘నమస్తే అండీ. నేను ఈ కొండ మీదే పుట్టాను, ఇక్కడే కాపురం. టైలరింగ్ చేస్తాను, పదో తరగతి చదివాను. మా పొదుపు సంఘం లెక్కలు రాస్తాను, లోను ఒక్క వాయిదా కూడా ఆగలేదు. పైన 3 వరసల ఇళ్లకి కుళాయి నీళ్లు ఎక్కడం లేదని మా వీధి ఆడవాళ్లం కలిసి అర్జీలు పెట్టాం, పంపు బాగు చేయించాం, ఇప్పుడు రోజు విడిచి రోజు వస్తున్నాయి. రోజూ రావాలంటే పైన ఇంకో ట్యాంకు కావాలి, దానికి కౌన్సిల్‌లో అడిగే మనిషి కావాలి, అందుకే నిలబడుతున్నాను. గెలిస్తే మొదటి 6 నెలల్లో మెట్ల దారి పొడవునా దీపాలు, విరిగిన మెట్లకి మరమ్మతు. మొదటి బడ్జెట్‌లోనే ట్యాంకుకి ప్రతిపాదన పెట్టిస్తాను, ఆ కాగితం కాపీ రామాలయం దగ్గర అంటిస్తాను. పట్టాల విషయం ప్రభుత్వం తేల్చాలి, నేను ఇప్పిస్తానని చెప్పను, మీ అర్జీలు నేనే రాసి మీతో పాటు కలెక్టర్ ఆఫీసుకి వస్తాను. నా మీద కేసులు లేవు. ఇంటి పన్ను కట్టాను. ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం మెట్ల దగ్గర కూర్చుంటాను, వచ్చి అడగండి.’

ఇంతే. ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, ఎదుటి అభ్యర్థి మీద ఒక్క మాట లేదు, కానీ చదివినవాళ్లకి ఆవిడ ఎవరో తెలిసిపోతుంది. సరిగ్గా ఇలాగే రాయమని కాదు, మీ యాసలో మీరు మాట్లాడేటట్టు రాయండి. రాశాక ఇంట్లో పెద్దవాళ్లకీ, ఇంటర్ చదివే పిల్లలకీ చదివి వినిపించండి, ఎక్కడ ‘అంటే ఏంటి’ అని అడిగితే అక్కడ మార్చండి. ముస్లిం కుటుంబాలు ఎక్కువ ఉన్న వీధులుంటే ఉర్దూలో కూడా ఒక వైపు వేయించండి. అక్షరం పెద్దగా ఉండాలి, కళ్లద్దాలు లేకుండా చదవగలిగేటట్టు.

అడిగే ప్రశ్నలకి సిద్ధంగా ఉండండి

గుమ్మాల్లో పడే ప్రశ్నలు దాదాపు అన్ని డివిజన్లలో ఒకటే. ‘ఓటుకి ఎంత ఇస్తావ్’ అన్నది మొదటిది, నొప్పిగా ఉన్నా వినాలి. కోపం తెచ్చుకోవద్దు, ఉపన్యాసం ఇవ్వద్దు. ‘నేను ఇవ్వను పిన్నీ, ఇస్తే తర్వాత ఆ డబ్బు మీ వీధి రోడ్డులోంచే తీసుకోవాలి, నాకు వేరే దారి లేదు’ అని చెప్పి కాగితం చేతిలో పెట్టండి. అందరూ ఒప్పుకోరు. కొందరు ఒప్పుకుంటారు, వాళ్లు ఇంకో నలుగురికి చెప్తారు.

‘మీ కులపోళ్లు ఎంతమంది ఉన్నారు’ అని అడుగుతారు, ఎక్కువగా అడిగేది పార్టీవాళ్లే. జవాబుగా మీ నోటుబుక్కు చూపించండి, ఏ వీధిలో ఎన్ని ఇళ్లు తిరిగారో. కులం పేరుతో వచ్చే ఓటు కోసం మిగతా వీధులు వదిలేసిన మనిషి గెలిచినా ఆ వీధుల్లో అడుగు పెట్టలేడు, కార్పొరేటర్‌కి అంతకంటే నరకం ఉండదు.

ఇండిపెండెంట్‌గా నిలబడేవాళ్లని ‘ఒక్కడివి వెళ్లి ఏం చేస్తావు’ అని అడుగుతారు. మంచి ప్రశ్న, తేలిగ్గా తీసుకోవద్దు. 2021 మార్చి 10న విజయవాడలో 64 డివిజన్లకి పోలింగ్ జరిగితే వైసీపీకి 49, టీడీపీకి 14, సీపీఎంకి 1 వచ్చాయి, కార్పొరేటర్ల ఓట్లతో రాయన భాగ్యలక్ష్మి గారు మేయర్ అయ్యారు. అంటే కౌన్సిల్‌లో ఓటింగ్ జరిగితే ఒక్కరి ఓటు తేల్చేది తక్కువ. కానీ రాతపూర్వకంగా అడిగిన ప్రశ్నకి అధికారులు జవాబు ఇవ్వాలి, అది రికార్డులో ఉంటుంది, ఆ రికార్డు పట్టుకుని పేపర్లకి వెళ్లవచ్చు, కోర్టుకీ వెళ్లవచ్చు. ఒక్కరు చెయ్యగలిగింది అదే, అంతే చెప్పండి. పార్టీ టికెట్ మీద నిలబడేవాళ్లకి దీనికి ఎదురు ప్రశ్న వస్తుంది, పార్టీ ఒకటి చెప్పి వీధి ఇంకోటి కోరితే ఎటు ఉంటారని. ఇంటి పన్ను పెంపు లాంటి విషయం మీద ముందే ఆలోచించి పెట్టుకోండి. 2021 నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్ను అద్దె విలువ బదులు ఆస్తి మూల విలువ మీద వేస్తున్నారు, స్థలం విలువ పెరిగితే పన్ను లెక్క కూడా పెరుగుతుంది, కౌన్సిల్‌లో మీరు ఏ వైపు మాట్లాడతారో జనం అడగక మానరు.

‘ఎన్నికైనవాళ్లు ఉన్నా లేకపోయినా ఒకటే కదా’ అనేవాళ్లుంటే గుంటూరు సంగతి చెప్పండి. అక్కడ 2010 నుంచి 2021 దాకా ఎన్నికైన పాలకవర్గమే లేదు, ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. కాలువ పొంగితే తలుపు తట్టడానికి తమ డివిజన్ మనిషంటూ ఒకరు లేకుండా అన్నేళ్లు గడిపినవాళ్లని అడిగితే తెలుస్తుంది కార్పొరేటర్ ఎందుకో.

కేసులుంటే దాచొద్దు. ధర్నాలో పెట్టిన కేసైతే ఏ ధర్నానో చెప్పండి, వేరే కేసైతే అది ఏ దశలో ఉందో చెప్పండి. ఎలాగూ ప్రకటనలో రాయాల్సిందే, జనం ఇంకొకరి నోట వినేలోపు మీ నోటితో వినడం మంచిది. ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే కూడా అంతే. కార్పొరేటర్‌కి వచ్చే గౌరవ వేతనంతో ఇల్లు గడవదు, కాబట్టి గెలిచాక మీ ఇల్లు ఎలా గడుస్తుందో జనం అడగడంలో తప్పు లేదు. ‘షాపు మా తమ్ముడు చూసుకుంటాడు, పొద్దున పూట నేను డివిజన్‌లో ఉంటాను’ లాంటి మామూలు జవాబు చాలు, అది నిజమైతే.

అచ్చు వేయించే ముందు

నామినేషన్ల ఉపసంహరణ గడువు అయిపోయి గుర్తు చేతికి వచ్చాకే ఎక్కువ కాపీలు వేయించండి, ఇండిపెండెంట్లకి గుర్తు కేటాయించేది అప్పుడే. అంతకుముందు ఇంటింటికీ తిరగడానికి కొన్ని జిరాక్సులు చాలు. కరపత్రం మీద ప్రింటింగ్ ప్రెస్ పేరు, చిరునామా, వేయించినవాళ్ల పేరు తప్పనిసరిగా ఉండాలి, ఎన్ని కాపీలో బిల్లులో రాయించండి. ఈ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, ఢిల్లీలో ఉండే కేంద్ర సంఘం కాదు, కాబట్టి నియమావళి, ఖర్చు పరిమితి వాళ్ల ఉత్తర్వుల్లోనే చూసుకోండి, పోయిన అసెంబ్లీ ఎన్నికల్లో ఎవరో చేశారని చెయ్యొద్దు. గుడి, మసీదు, చర్చి బొమ్మలు కాగితం మీద వద్దు, కులం పేరుతో ఓటు అడిగే మాట అసలే వద్దు. ఖర్చుకి ఒక పుస్తకం పెట్టి ఏ రోజు ఖర్చు ఆ రోజే రాయండి, టీలు, ఆటో కిరాయి, మైకు, జిరాక్సులతో సహా. ఓడినా గెలిచినా ఆ లెక్క గడువులోపు అప్పగించాలి, ఇవ్వకపోతే తర్వాతి ఎన్నికలకి అనర్హత పడే ప్రమాదం ఉంది. కాగితాలు మిగిలితే పారేయకండి. గెలిస్తే ఒక కాపీ వార్డు సచివాలయం నోటీసు బోర్డు పక్కన అంటించడానికి అడగండి, ఓడితే గెలిచినవాళ్లకి ఒకటి తీసుకెళ్లి ఇచ్చి, ఆ మూడు పనుల్లో ఏవి వాళ్లు చేస్తారో అడిగి రండి.